అలలమ్మ లెక్క తప్పిన సంగతి

ఆ కాలేజీ లెక్కల శాఖలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. విద్యార్థులకు ఆమె అలలమ్మ. తోటి లెక్చరర్లకు ఎదురుగా మేడమ్, వెనకాల అలలమ్మ. ఏ పాఠం మొదలుపెట్టినా ఆమె చేతిలో సుద్దముక్క బోర్డు మీద ఒక అల గీసి గానీ ఆగేది కాదు మరి. ఈ పేరు సంగతి ఆమెకు తెలుసు. "బండరాయమ్మ అనలేదు, అదే పదివేలు" అని ఇంట్లో చెప్పి నవ్వేది.

ఇంటాయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. పెళ్ళయిన కొత్తలో ఈ జంటను చూసి ముక్కున వేలేసుకోనివాళ్ళు లేరు. ఆవిడ కుర్చీలో కూర్చుంటే పూట గడిచినా లేవదు. ఆయనకు కుర్చీ కనబడితే చాలు, దాన్ని పక్కకు జరిపి గుంజీలు మొదలుపెడతాడు. "మా ఇంట్లో బుర్ర ఆవిడది, పిక్కలు నావి" అని ఆయన అందరికీ చెప్పుకునేవాడు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఒకప్పుడు మాట్లాడుకునేవాళ్ళు, తర్వాత మానేశారు. అత్తగారు వీళ్ళతోనే ఉంటుంది. ఆమెకు చెవులు మందం. టీవీ పెట్టిందంటే నాలుగిళ్ళకు వినబడాలి. కోడలు ఏం పరిశోధన చేస్తోందని ఒకసారి అడిగింది.

"అలల మీద అత్తయ్యా!"

"కలల మీదా? వాటికి కూడా జీతాలిస్తున్నారా?"

ఆ మాట వీధంతా పాకింది. కొన్నాళ్ళపాటు పక్కింటివాళ్ళు తమ కలలకు అర్థం చెప్పమని ఆమె దగ్గరికి వచ్చారు కూడా.

ఇంతకీ ఆమె పనేమిటంటే, ఒంటరి అలలు. బకెట్లో నీళ్ళు కదిపితే అల లేస్తుంది, విడిపోతుంది, చప్పబడుతుంది. మామూలు అల నడత అది. కానీ కొన్ని చోట్ల ఒకే ఒక మూపురంలాంటి అల లేచి, ఆకారం చెడకుండా చాలా దూరం పోతుంది. అల ఎంత ఎత్తుగా ఉంటే అంత వేగం. ఆ వేగం మళ్ళీ ఆకారాన్ని పట్టి ఉంచుతుంది. ఇలా తన ఎత్తే తన నడకను శాసించే అలలను అరేఖీయ తరంగాలంటారు. ఆమెను ఇవి చదువుకునే రోజుల్లోనే పట్టుకున్నాయి. అయితే ఆమె నీళ్ళతో ఆగలేదు. తడి బంకమన్ను, రబ్బరు, మనిషి కండ లాంటివి ఒకసారి నొక్కితే ఆ నొక్కుడును చాలాసేపు మరిచిపోవు. మామూలు అవకలనం ఈ క్షణంలో మార్పు ఎంత అని మాత్రమే అడుగుతుంది. అలాంటి పదార్థాలకు అది చాలదు. అక్కడ అవకలనాన్ని ఒకసారి, రెండుసార్లు అని కాకుండా అరసారి, ముప్పాతికసారి చేయాలి. అలా చేసినప్పుడు మొదటి క్షణం నుంచి జరిగినదంతా లెక్కలోకి వస్తుంది. గతాన్ని మోసుకుపోయే పదార్థంలో ఒంటరి అల బతుకుతుందా? ఆమె జీవితం మొత్తానికి ఉన్న ప్రశ్న ఇదొక్కటే.

ఇలాంటి భిన్న అవకలన సమీకరణాలు ఓ పట్టాన లొంగవు. కానీ ఆమె ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక ఉపాయం ప్రచారంలోకి వచ్చింది. దూరాన్నీ కాలాన్నీ ఒక మూటగా కట్టి ఒకే చలరాశి చేయడం, మామూలు అవకలనంలో వాడే గొలుసు సూత్రాన్నే దాని మీద నడపడం. అంతే, కొరకరాని సమీకరణం మెత్తబడి మామూలుదైపోతుంది. జవాబు ఒక్క వరుసలో వచ్చేస్తుంది. ఆ చుట్టుపక్కల ఈ ఉపాయం మొదట ఒంటబట్టించుకున్నది ఆమే. వ్యాసం మీద వ్యాసం అచ్చయింది. ఆమె దగ్గర డాక్టరేట్లు చేసినవాళ్ళు మంచి మంచి చోట్ల స్థిరపడ్డారు. అందులో మొదటివాడిని ఆమె ముద్దుగా తుఫాను అని పిలిచేది. గదిలోకి వచ్చినా వ్యాసం రాసినా వాడికి అదే వేగం. అతనిప్పుడు ఇంకో కాలేజీలో శాఖాధిపతి. చివరి విద్యార్థిని పొట్టిగా ఉండే అమ్మాయి, అందరికీ చిట్టి. పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకుంటూ, ఆసుపత్రి బల్లల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటూ సిద్ధాంత గ్రంథం ముగింపుకు తెచ్చింది. ఆ ఏడు దాటితే లెక్చరరు ఉద్యోగానికి ఆమె వయసు దాటిపోతుంది.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా ఒక పత్రిక నుంచి అలలమ్మకు చిన్న వ్యాసం వచ్చింది. అచ్చు వేయొచ్చో లేదో చూసి చెప్పమన్నారు. రాసిన మనిషి ఊరూ పేరూ తెలియదు. భిన్న అవకలనానికి గొలుసు సూత్రం చెల్లదని అతని వాదన. ఆమెకు నవ్వొచ్చింది. ఎవరో కుర్రాడు తొందరపడ్డాడు, మెత్తగా నాలుగు ముక్కలు రాసి కొట్టిపారేద్దాం అనుకుంది. తిరస్కరిస్తున్నట్టు మొదటి వాక్యం రాసింది కూడా. కారణం చూపించాలి కదా అని, అతను ఇచ్చిన ఉదాహరణ కాగితం మీద వేసి చూసింది.

ఉదాహరణ అంటే ఏమీ లేదు, కాలం వర్గం. దానికి అరసారి అవకలనం. నిర్వచనం పట్టుకుని సూటిగా చేస్తే ఒక జవాబు వచ్చింది. గొలుసు సూత్రంతో చేస్తే ఇంకొకటి వచ్చింది. సూటిగా వచ్చింది రెండోదానిలో మూడింట రెండు వంతులే. ఎక్కడో గుణకం జారిందనుకుని కొట్టేసి మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. టీ చల్లారి మీగడ కట్టింది. పక్క బల్ల దగ్గర భౌతికశాస్త్రం లెక్చరరు ఎవరి మీదో జోకు వేస్తే గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. ఏం జోకో చెవికెక్కలేదు.

ఇంటర్ పిల్లవాడు చేయగల లెక్క అది. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ చేసి చూడలేదు. ఆ సూత్రాన్ని ఎవరో పెద్దవాళ్ళు ఎప్పుడో రాశారు, అందరూ వాడుతున్నారు, తనూ వాడింది. ఆమె వ్యాసాల్లో ఆ సూత్రం మీద నిలబడనిది ఒక్కటీ లేదు. కాళ్ళ కింద నేల జారిందంటారే, ఆమెకు అలా కూడా అనిపించలేదు. నేల ఉన్నచోటే ఉంది. తను కట్టిన ఇల్లే దాని మీద లేదు.

వ్యాసం సరైనదే, వెంటనే అచ్చు వేయండి అని రాసి పంపింది. ఇంటికి వెళ్ళి పడుకుంది. భర్త వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"జ్వరం లేదే. ఏమైంది?"

"నేను చేసినదంతా తప్పండీ."

"అంతా అంటే? ఏదో ఒకటి ఉండి ఉంటుంది, దిద్దుకుంటావు."

"దిద్దడానికి ఏమీ లేదు. అంతా అంటే అంతా."

ఆయన పక్కన కూర్చుని ఆమె పాదాలు ఒత్తుతూ ఉండిపోయాడు. ముందు గదిలో టీవీలో ఎవరో పెద్దగా ఏడుస్తున్నారు.

మర్నాడు చిట్టిని పిలిచి చెప్పింది.

"తప్పంటే ఎక్కడ మేడమ్? అచ్చుతప్పా?"

"కాదమ్మా. మొదటి మెట్టే." ఆ చిన్న లెక్క కాగితం మీద వేసి చూపించింది.

చిట్టి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చూసింది. ఆమె మొహంలో ఆశ్చర్యం కనబడలేదు.

"ఇది నేను రెండో ఏడులోనే అడిగాను మేడమ్."

"ఏమడిగావు?"

"ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుందని. పెద్దవాళ్ళు నిరూపించేశారు, నువ్వు ముందు నీ పని కానీ అన్నారు మీరు."

అలలమ్మ ఎంత తవ్వుకున్నా ఆ రోజు గుర్తుకు రాలేదు. ఆ పిల్ల అబద్ధం చెప్పదు. అంటే తను అన్నదే. అని, ఆ సాయంత్రానికే మరిచిపోయి ఉంటుంది.

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఇది ఇలా ఇవ్వలేం. మళ్ళీ మొదలుపెడదాం. సరైన నిర్వచనంతో, చిన్నదైనా నిజమైనది ఒకటి చేద్దాం. నేను పక్కనే ఉంటాను."

"ఎన్నేళ్ళు పడుతుంది మేడమ్?"

చిట్టి కాగితం తిరిగి ఇచ్చేసింది. "నాన్నకు మందులేసే టైమైంది, వెళ్తాను" అని లేచింది.

ఆ వారమే తుఫాను ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒంట్లో బాగానే ఉందా? చిట్టి ఏదేదో చెబుతోంది."

"ఆ పిల్ల చెప్పింది నిజమే. నీ థీసిస్ కూడా అంతే నాన్నా."

అవతల నవ్వు.

"దానికింత బెంగ ఎందుకు మేడమ్? భిన్న అవకలనానికి నిర్వచనాలకేం కరువు? గొలుసు సూత్రం చెల్లే నిర్వచనం ఒకటి తెచ్చి మొదటి అధ్యాయంలో పెడితే సరిపోతుంది. మిగతాదంతా అలాగే నిలబడుతుంది."

"ఆ నిర్వచనంలో గతం ఏదిరా? అది మామూలు అవకలనానికి వేషం వేయడమే కదా. బంకమన్ను గురించి చెబుతున్నానని చెప్పి మంచినీళ్ళ గురించి చెప్పడం."

"చదివేవాడెవడు మేడమ్ అంత లోతుగా?" అన్నాడు తుఫాను. ఎగతాళిగా అనలేదు, జాలిగానే అన్నాడు. ఆ జాలికే ఆమెకు ఒళ్ళు మండింది.

చిట్టి తుఫాను దగ్గరికి మారిపోయింది. బదిలీ కాగితం మీద అలలమ్మే సంతకం పెట్టింది. వద్దని చెప్పే మొహం తనకు లేదనుకుంది.

ఇక మిగిలింది తన వ్యాసాలు. విద్యార్థులతో కలిసి రాసినవి వాళ్ళను అడగకుండా ముట్టుకోలేదు. అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. తనొక్కతే రాసిన వాటిని వెనక్కి తీసుకుంటానని ఆయా పత్రికలకు రాసింది. ఒక పత్రిక ఎప్పుడో మూతపడింది. ఇంకోటి, ఇది అందరూ వాడే పద్ధతి కాబట్టి మేం కల్పించుకోం అని సెలవిచ్చింది. ఒకటి అసలు పలకలేదు. ఒకే ఒక్క పత్రిక మర్యాదగా, రచయిత్రి కోరిక మీద ఈ వ్యాసం ఉపసంహరించడమైనది అని అచ్చు వేసింది.

ఆ ఒక్కటే ఆమె మెడకు చుట్టుకుంది. వ్యాసం వెనక్కి పోయిందంటే దొంగతనం చేసి పట్టుబడినట్టే అని కాలేజీలో అనుకున్నారు. ప్రిన్సిపాలు మంచివాడే. కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చి నసిగాడు.

"మేడమ్, తనిఖీ బృందం వస్తోంది. శాఖాధిపతిగా ఉన్న మీ పేరు పక్కన ఆ మాట ఉంటే... కొన్నాళ్ళు మరొకరికి అప్పగిద్దాం."

"నేను తప్పు ఒప్పుకున్నాను సార్. ఒప్పుకోనివాళ్ళంతా బాగానే ఉన్నారు."

"అదే కదా మేడమ్ చిక్కు. మీరు ఒప్పుకున్నారు."

శాఖాధిపతి గది ఖాళీ చేసి, మెట్ల కింద ఉన్న చిన్న గదిలోకి మారింది. అక్కడ పాత ప్రశ్నపత్రాల కట్టలు, విరిగిన స్టూలు ఉండేవి. ఒకసారి వరండాలో నడుస్తుంటే "అలలమ్మవి దొంగ లెక్కలటరా" అని ఎవరో అనడం వినబడింది. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ పిల్లవాడు బెదిరిపోతాడనుకుంది.

చిట్టి డాక్టరేటు వైవాకు రమ్మని అలలమ్మకు పిలుపు వచ్చింది. వెళ్ళొద్దని భర్త చెప్పి చూశాడు. వెళ్ళింది. హాలు నిండా జనం. చిట్టి చక్కగా మాట్లాడింది. తెర మీద ఒంటరి అల బంకమన్నులోంచి ఠీవిగా సాగిపోయింది. ఆ బొమ్మ ఎన్నిసార్లు చూసిందో అలలమ్మ. ఎంత అందంగా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఆ హాల్లో ఎవరికీ తెలియదు. పరీక్షకుడు తలపండిన ప్రొఫెసరు. చివర్లో, ఈ రంగానికి దారి చూపిన మేడమ్ ఇక్కడే ఉన్నారు అంటూ ఆమె వైపు చెయ్యి చూపాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ప్రశ్నలుంటే అడగొచ్చన్నారు. ఆమె లేచింది. తుఫాను తల దించుకున్నాడు.

"మీరు తీసుకున్న నిర్వచనంలో," అంది చిట్టిని చూస్తూ, "ఆ మట్టికి జరిగిపోయింది ఎక్కడ గుర్తుంది?"

చిట్టి చెయ్యి బల్ల అంచు పట్టుకోవడం అలలమ్మ చూసింది. ముందు వరసలో చక్రాల కుర్చీలో ఉన్న తండ్రి, నోరు ఒక పక్కకు వాలి, కూతురి వైపే చూస్తున్నాడు. అడిగిన మాటను నోట్లోకి వెనక్కి లాక్కోగలిగితే ఆ క్షణంలో లాక్కునేదే.

ప్రొఫెసరే అందుకున్నాడు. "మట్టి సంగతి మట్టివాళ్ళు చూసుకుంటారు మేడమ్. మనం లెక్క చూద్దాం." హాలంతా నవ్వింది. నవ్వు సద్దుమణగకుండానే డాక్టరేటు ప్రకటించారు. టీ, బిస్కెట్లు వచ్చాయి. అలలమ్మ పక్క తలుపులోంచి బయటపడింది.

"అడగకుండా ఉండాల్సింది" అంది ఇంట్లో.

"అడగకపోతే ఊరుకోగలిగేదానివా?" అన్నాడు భర్త.

"ఊరుకోలేను. అడిగీ ఉండలేకపోతున్నాను."

ఆ తర్వాత ఆమె తన ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్ళింది. ఈసారి అడ్డదారి లేదు. సరైన నిర్వచనం పెట్టి, గతాన్నంతా లెక్కలోకి తీసుకుని, ఒంటరి అల బతుకుతుందో లేదో చూడాలి. కాగితం మీద నిరూపణకు దారి దొరకలేదు. ఏ వైపు నుంచి వెళ్ళినా మధ్యలో చెయ్యి జారేది. ఏళ్ళు గడిచాయి. వేసవి సెలవుల్లో కంప్యూటరు మీద అంకెలతో నడిపించి చూడడం మొదలుపెట్టింది. గతాన్ని మోసే లెక్క కదా, ముందుకు పోయేకొద్దీ బరువెక్కి యంత్రం మూలిగేది.

చివరికి తెర మీద కనబడింది. మూపురం లేచింది. కొంత దూరం సాగింది. వెనక పొడుగాటి తోక లాగుతూ వంగింది, సాగింది, పలచబడింది. ఎత్తు మార్చి చూసింది. వేగం మార్చి చూసింది. అల ప్రతిసారీ అలాగే అరిగిపోయింది. ఆమె ఇన్నేళ్ళూ కాగితాల మీద పరిగెత్తించిన అల అలాంటి మట్టిలో ఉండదు. ఉండదని కూడా నిరూపించలేదు, బొమ్మ మాత్రమే చూడగలిగింది.

భర్త మైదానం నుంచి వచ్చాడు, చొక్కా చెమటతో తడిసి ఉంది. తెర వైపు చూశాడు.

"ఇదేనా?"

"ఇదే. చచ్చిపోతోంది చూడండి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నేను ఇన్నేళ్ళు ఎంతమందిని పరిగెత్తించాను. ఒక్కడైనా పతకం తెచ్చాడా? అయితే ఏం, నా పని నేను చేశాను. నువ్వూ అలాగే అనుకో."

ఆయన మంచికే చెప్పాడు. ఆమెకు మాత్రం దుఃఖం పొంగుకొచ్చింది.

"మీ పిల్లలు పరిగెత్తారండీ. పతకం రాకపోయినా పరుగు నిజం. నాది పరుగే కాదు."

ఆ రోజు నుంచి ఆయన ఆమె పని గురించి సలహా చెప్పడం మానేశాడు. సలహాలు లేకపోవడం ఇల్లంతా తెలిసేది.

అత్తగారు ఆ చలికాలంలో పోయింది. టీవీ మూగబోయింది. అలలమ్మ ఇంకా కాలేజీకి వెళ్తూనే ఉంది. మొదటి ఏడు పిల్లలకు చెబుతుంది, నెమ్మదిగా, ప్రతి సూత్రానికీ నిరూపణతో సహా. పిల్లలు ఆవులిస్తారు. పరీక్షలో నిరూపణలు రావని వాళ్ళకు తెలుసు.

ఒక ఆదివారం చిట్టి ఫోన్ చేసింది. వైవా తర్వాత అదే మొదటిసారి మాట్లాడడం. ఉద్యోగం వచ్చిందట, పర్మినెంటు అయిందట.

"సంతోషం అమ్మా. నాన్నగారెలా ఉన్నారు?"

"పోయారు మేడమ్. నిరుడు."

"నాకు తెలియదు."

"నేనే చెప్పలేదు." అంది చిట్టి. "మేడమ్, నా దగ్గర ఇద్దరు పిల్లలు రీసెర్చికి చేరారు. అదే టాపిక్కు ఇమ్మన్నారు పైవాళ్ళు. త్వరగా వ్యాసాలొస్తాయని. అందులో ఒక అమ్మాయి నిన్న నన్ను అడిగింది, ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుందని."

అలలమ్మ గోడకు ఆనుకుంది.

"నువ్వేం చెప్పావు?"

"ముందు నీ పని కానీ అన్నాను." చిట్టికి ఏడుపు వచ్చేసింది. "ఏం చెయ్యమంటారు మేడమ్? నిజం చెబితే ఆ పిల్లకు డిగ్రీ రాదు. చెప్పకపోతే ఇంకో పాతికేళ్ళకు దానికీ ఇదే గతి. మీరేమైనా చెప్పండి."

చెప్పడానికి వెతుక్కుంది. నిజం చెప్పమందామంటే, నిజం చెప్పి తను ఎవరిని ఒడ్డుకు చేర్చింది? ఊరుకోమందామంటే నాలుక తిరగలేదు.

"నాకు తెలియదు చిట్టీ" అంది. "నిజంగా తెలియదమ్మా."

చిట్టి ఏడుస్తూ చాలాసేపు లైనులోనే ఉంది. పెట్టేయమని ఈమె అనలేదు. వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది ఎంత తన్నినా పలకడం లేదు. లోపలి నుంచి భర్త, వడ్డించానని పిలిచాడు. వస్తున్నానని చేత్తో సైగ చేసింది గానీ, ఫోను చెవి దగ్గర పెట్టుకుని అక్కడే నిలబడింది.